బొమ్మ మీద క్లిక్ చేస్తే ప్రోగ్రామ్ తెరుచుకునేలా

డెస్క్‌టాప్ నిండా ఐకాన్లు పేరుకుపోయి కావలసింది వెతుక్కోవాల్సి వస్తోందా? విండోస్‌లో రెయిన్‌మీటర్ అనే, డెస్క్‌టాప్‌ను నచ్చినట్టు మార్చుకునే ప్రోగ్రామ్ వేసుకోండి. ఉచితం, పైగా ఓపెన్ సోర్స్. రోజూ వాడే ప్రోగ్రాములకు మీకు నచ్చిన బొమ్మలే లింకులుగా పెట్టుకోవచ్చు.

డాక్యుమెంట్స్‌లో రెయిన్‌మీటర్, దాని లోపల స్కిన్స్ ఫోల్డర్ ఉంటాయి. అక్కడ కొత్త ఫోల్డర్ చేసి ఒక ఐఎన్ఐ ఫైల్ (.ini అని ముగిసే టెక్స్ట్ ఫైల్) పెట్టండి. డెస్క్‌టాప్ మీద కనిపించే స్కిన్ అంటే ఇదే. ఒక్కో బొమ్మకు ముఖ్యంగా రాయాల్సినవి మూడే: మీటర్ (స్కిన్‌లో కనిపించే ఒక్కో అంశం) రకం ఇమేజ్ అని, బొమ్మ ఫైల్ పేరు, లెఫ్ట్‌మౌస్‌అప్‌యాక్షన్ (LeftMouseUpAction, అంటే ఎడమ క్లిక్‌కు జరగాల్సిన పని) దగ్గర ప్రోగ్రామ్ పాత్, అంటే ఆ ప్రోగ్రామ్ ఫైల్ ఉన్న చోటు. పాత్‌ను కోట్స్‌లో పెట్టి, చుట్టూ స్క్వేర్ బ్రాకెట్లు వేయండి.

అసలు చిక్కంతా బ్యాక్‌గ్రౌండ్ లేని పీఎన్‌జీ బొమ్మలతోనే. బొమ్మలో పూర్తిగా ఖాళీగా ఉన్న చోట క్లిక్ పడితే ఏమీ జరగదు. సన్నటి గీతల ఐకాన్లయితే మరీ విసుగు. ఆ మీటర్‌లోనే సాలిడ్‌కలర్‌కు (SolidColor, బొమ్మ వెనక రంగు) 0,0,0,1 అని, అంటే దాదాపు కనిపించని నలుపు ఇవ్వండి. కంటికి తేడా తెలియదు, కానీ ఎక్కడ నొక్కినా క్లిక్ పడుతుంది. నాకైతే దీంతోనే ప్రాణం హాయిగా ఉంది!

ఫైల్‌లో తెలుగు పేర్లు రాస్తే యూటీఎఫ్-16 ఎల్ఈ (UTF-16 LE) అనే ఎన్‌కోడింగ్‌లో సేవ్ చేయండి, లేకపోతే పిచ్చి అక్షరాలు వస్తాయి. మార్పులు చేశాక స్కిన్ మీద రైట్ క్లిక్ చేసి రిఫ్రెష్ కొట్టండి.