మన మెదడు బేరం, 3వ పాఠం: తూగే చోటు పట్టుకోవడం

పోయినసారి రెండిట్లో ఏది ఎక్కువ ఇష్టమో రాసుకోమన్నా కదా, ఈసారి ఎంత ఎక్కువో కొలుద్దాం. "నాకు పూతరేకులంటే ప్రాణం" అంటే అది కొలత కాదండి, ఎన్ని జంతికలిస్తే ఆ పూతరేకు వదిలేస్తారో అదీ కొలత.

ఇది సరిగ్గా కోతులతో చేసి చూశారు. హార్వర్డ్ మెడికల్ స్కూల్లో పదోవా-స్కియోప్పా, అస్సాద్ అనే ఇద్దరు, 2006లో వచ్చింది ఆ పేపర్. స్క్రీన్‌కి రెండు పక్కలా రంగు చదరాలు, రంగుని బట్టి ఏ జ్యూసో, ఎన్ని చదరాలుంటే అంత జ్యూస్, కోతి ఎటు చూస్తే అది దాని నోట్లో పడుతుంది. ఇష్టమైనది ఒక వంతు పెట్టి రెండోది పెంచుకుంటూ పోతే ఒక దగ్గర అటూ ఇటూ సమానంగా ఎంచుకుంటుంది, అదే తూగే చోటు. ఒకటికి నాలుగు దగ్గర తూగిందనుకోండి, కళ్ళకి కొంచెం పైన ఆర్బిటోఫ్రంటల్ కార్టెక్స్ అనే మెదడు భాగంలో కొన్ని న్యూరాన్లు, అంటే మెదడు కణాలు, ఆ ఒకటి ఎంచుకున్నా ఈ నాలుగు ఎంచుకున్నా దాదాపు ఒకేలా మోగుతాయి! జ్యూస్ వేరు, ఎంత జ్యూసో అదీ వేరు, అయినా విలువ ఒకటే. కుడా ఎడమా అన్నది కూడా వాటికి పట్టదు. మెదడు దేన్ని ఎలా ఎంచుకుంటుందో చూసే ఈ సబ్జెక్ట్ మీద నాకు ప్రేమ పుట్టింది ఇక్కడే.

ఇప్పుడు మీ వంతు. చీటీల మీద ఒక పక్క 1 పూతరేకు, ఇంకో పక్క 1, 2, 3, 4, 6, 8 జంతికలు, ఒక్కో జత నాలుగేసి చీటీలు రాసి బాగా కలపండి. వరసగా మాత్రం చెయ్యొద్దు, నేను మొదట అలాగే చేశా, నాలుగు దగ్గర మారాలని ముందే అనేసుకుంటాం, ఇంక చెయ్యి దాని ప్రకారమే పోతుంది. పూతరేకు సగం చీటీల్లో ఎడమన, సగంలో కుడిన ఉండాలి. అన్నిటికీ టిక్ పెట్టాక కళ్ళు మూసుకుని ఒక చీటీ తీసి, అందులో టిక్ పెట్టిందే నిజంగా తినాలి, ఇది వదిలేస్తే మిగతాదంతా ఉత్త మాటలే, ఎందుకంటే ఏదో ఒకటి నోట్లోకి వస్తుందని తెలిస్తేనే మనం నిజం చెప్తాం.

నాలుగిట్లో రెండుసార్లు జంతికలు గెలిచిన అంకె ఎక్కడుందో చూడండి. సరిగ్గా రెండు ఎక్కడా రాకపోతే, మూడు దగ్గర ఒకసారి, నాలుగు దగ్గర మూడుసార్లు గెలిచాయనుకోండి, మూడున్నర అని రాసుకోండి.

భోంచేశాక ఒకసారి, సాయంత్రం ఆకలి మీద ఇంకోసారి చేసి రెండు అంకెలూ పక్కపక్కన పెట్టుకోండి, వచ్చే పాఠం వాటితోనే మొదలు.