దారం లోపలికెళ్ళింది సరే, ధమని మూసుకుందా?

ఎలుకలో స్ట్రోక్ తెప్పించడానికి మెడ దగ్గరి కెరోటిడ్ ధమనిలోంచి సిలికాన్ పూత వేసిన దారాన్ని పైకి పంపి, మెదడుకి రక్తమిచ్చే మిడిల్ సెరిబ్రల్ ఆర్టరీ మొదలయ్యే చోట అడ్డం పెడతాం. ల్యాబ్‌లో అందరం ఎంసీఏ అనే అంటాం. 1989లో లోంగా బృందం వివరించిన పద్ధతే చాలాచోట్ల నడుస్తోంది. మా దగ్గర కొత్త స్కాలర్లు "చేతికి ఆనింది, ఆపేశాను" అంటారు. నాకది చాలదు. దారం దారితప్పి పక్కనున్న టెరిగోపాలటైన్ ధమనిలో దూరినా చేతికి ఆనుతుంది, కాకపోతే కాస్త ముందుగా. లేజర్ కాంతితో కొలిచే లేజర్ డాప్లర్ మెదడు పైపొర రక్తప్రసరణే చెప్తుంది. ధమనినే చూడాలంటే కలర్ డాప్లర్, అంటే రక్తప్రవాహాన్ని రంగుల్లో చూపించే అల్ట్రాసౌండ్, పెట్టాలి.

మనుషుల పుర్రె మందం కాబట్టి, పుర్రె మీంచే మెదడు ధమనుల్లో రక్తవేగం కొలవడానికి 1982లో ఆస్లిడ్ 2 మెగాహెర్ట్జ్ అల్ట్రాసౌండ్ వాడాడు. ఎలుకది పల్చటి ఎముక, 12–15 మెగాహెర్ట్జ్ లీనియర్ ప్రోబ్ హాయిగా పనిచేస్తుంది.

మత్తిచ్చాక కంటికీ చెవికీ మధ్య రెండువైపులా వెంట్రుకలు నున్నగా తీసేయండి. జెల్ గోరువెచ్చగా ఉండాలి, బుడగ ఒక్కటి కూడా ఉండకూడదు. ఒంటి వేడి 37 డిగ్రీల దగ్గర నిలపండి. మత్తుకి వాడే ఐసోఫ్లూరేన్ రక్తనాళాలను వెడల్పు చేస్తుంది. అందుకే మొదటి స్కాన్‌లో ఎంత శాతం పెట్టారో చివరిదాకా అంతే ఉంచాలి. లేకపోతే మీరు కొలిచేది స్ట్రోక్‌ని కాదు, మత్తుని.

దారం పెట్టకముందే రెండువైపులా వేగాలు రికార్డు చేయండి. ఇక్కడ యాంగిల్ దగ్గర, అంటే ప్రోబ్ పంపే తరంగానికీ రక్తం పారే దిశకీ మధ్య కోణం దగ్గర, బద్ధకం పనికిరాదు. 60 డిగ్రీల దగ్గర అయిదు డిగ్రీలు తేడా వస్తే వేగం సుమారు 15 శాతం తప్పుతుంది. 20 దగ్గర అదే తేడాకి మూడు నాలుగు శాతం. ప్రోబ్‌ని ఓపిగ్గా వంచుకుంటూ తరంగం ధమని దిశలోనే వెళ్ళేలా తెచ్చుకోండి.

దారం పెట్టాక ఆ వైపు ఎంసీఏలో రంగు కనపడలేదనుకోండి, వెంటనే సంబరపడొద్దు. ముందు కలర్ స్కేల్ (రంగుల్లో చూపే వేగాల పరిధి) తగ్గించండి, నెమ్మదిగా పారే రక్తం అప్పుడే బయటపడుతుంది. అదే ఫ్రేములో పక్క ధమనులు కనిపిస్తున్నాయా చూడండి. అవీ కనపడకపోతే తప్పు మీ ప్రోబ్‌ది. అవి కనిపిస్తూ ఎంసీఏ ఒక్కటే మాయమైతే, అవతలి వైపు మామూలుగా కొట్టుకుంటుంటే, అది మూసుకున్నట్టే. వేగం సగానికి తగ్గి, తెరమీద దాని అల చప్పగా ఉందంటే మాత్రం అనుమానించాలి. మెడలో కెరోటిడ్ కట్టేసినందువల్ల కూడా అలా పడిపోతుంది. అప్పుడు రక్తం విల్లిస్ వలయం (మెదడు అడుగున ధమనులు ఒకదానితో ఒకటి కలిసే వలయం) మీదుగా చుట్టు తిరిగి వస్తుంటుంది.

దారం తీశాక మళ్ళీ చూడటం చాలామంది ఎగ్గొడతారు. నా లెక్కలో అసలు స్కాన్ అదే. రంగు తిరిగి రాకపోతే ముందు మెడ దగ్గర ధమనికి పెట్టిన క్లిప్ తీశారో లేదో చూసుకోండి. అప్పటికీ రాకపోతే గడ్డ కట్టిందనుకోవచ్చు. ఆ జంతువుని రక్తం తిరిగి పారిన గుంపులో కలపకూడదు. ఏ జంతువుల్ని లెక్కలోంచి తీసేస్తారో ఆ నియమం ప్రయోగానికి ముందే ఎథిక్స్ కమిటీకిచ్చే ప్రోటోకాల్‌లో రాసిపెట్టండి. స్కాన్ చేసేవాళ్ళకి ఏ ఎలుకకి ఏ మందు వెళ్ళిందో తెలియనివ్వకండి.