7వ పాఠం: గిరటినా దగ్గర ఫాల్స్ స్వైప్ పప్పులు ఉడకవు

పోకేమాన్ ప్లాటినమ్ గేమ్‌లో గిరటినా అనే లెజెండరీ పోకేమాన్‌ను పట్టుకోవడం గురించి ఈ పాఠం. నిజానికి ఈసారి టర్న్‌బ్యాక్ కేవ్ అనే గుహలోని గదుల లెక్కతో మొదలుపెట్టాల్సింది. దాన్ని 8వ పాఠానికి జరిపాను. కారణం మీకే తెలుసు. 6వ పాఠంలో నేర్చుకున్న మూడు మెట్లు పట్టుకుని (ఫాల్స్ స్వైప్ దెబ్బతో హెచ్‌పీ, అంటే ప్రాణబలం, 1కి దించు, నిద్రపుచ్చు, బాల్ వెయ్యి) చాలామంది నేరుగా ప్లాటినమ్‌లో గిరటినా ఉండే డిస్టార్షన్ వరల్డ్‌లో దిగిపోయారు. ఫాల్స్ స్వైప్ కొట్టారు. గిరటినా మీద ప్రభావం లేదని తెరమీద ఒక ముక్క వచ్చింది. కొందరు మళ్ళీ కొట్టారు, మళ్ళీ అదే ముక్క. కొందరు కార్ట్రిడ్జ్ పాడైందనుకున్నారు. ఇంకొందరు విసుగొచ్చి లక్స్‌రేతో క్రంచ్ కొట్టించి ఏకంగా పడగొట్టేశారు. 6వ పాఠం చివర్లో "ఘోస్ట్ టైప్ తప్ప" అని రాసి ఉంది. ఆ మూడు మాటలకే ఇవాళ్టి పాఠమంతా పోతుంది.

స్పియర్ పిల్లర్ దాకా ఎలా వెళ్ళాలో, డిస్టార్షన్ వరల్డ్‌లో ఏ రాయి ఎటు తోయాలో, అక్కడ ఎదురయ్యే శత్రునాయకుడు సైరస్‌ను ఎలా ఓడించాలో చెప్పను. అక్కడిదాకా వచ్చినవాళ్ళకు అది చెప్పక్కర్లేదు. సైరస్ అయిపోయాక, గిరటినాను కదిలించకముందు సేవ్ చేయండి. అంతే.

ఇక అసలు చిక్కు. గిరటినా ఘోస్ట్, డ్రాగన్ రెండు టైప్‌లది. ఘోస్ట్ కాబట్టి నార్మల్, ఫైటింగ్ టైప్ దెబ్బలు దానికి అస్సలు తగలవు. ఇది అందరికీ తెలుసు, అయినా అందరూ ఇక్కడే తప్పుతారు. ఎందుకంటే ఫాల్స్ స్వైప్‌ను ఒక "పనిముట్టు"గా చూస్తారు తప్ప దెబ్బగా చూడరు. హెచ్‌పీ 1 మిగల్చడం దాని ప్రత్యేకత, నిజమే. కానీ ఆ ప్రత్యేకత పనిచేయాలంటే ముందు దెబ్బ తగలాలి కదా. దాని టైప్ నార్మల్. ఘోస్ట్‌కు నార్మల్ తగలదు. తగలని దెబ్బకు ప్రత్యేకత ఏముంటుంది?

ఇదే పొరపాటు ఇంకో నాలుగు వేషాల్లో వస్తుంది. సూపర్ ఫ్యాంగ్ ఉన్న హెచ్‌పీని సగానికి తెస్తుంది కాబట్టి టైప్‌తో పని లేదనుకుంటారు. అదీ నార్మలే, తగలదు. సీస్మిక్ టాస్ కొట్టేవాడి లెవెల్ ఎంతో అంతే తీస్తుంది, లెక్క ఖచ్చితం. కానీ ఫైటింగ్, తగలదు. గాలేడ్ ఫైటింగ్ పోకేమాన్ కాబట్టి దాని ఫాల్స్ స్వైప్ వేరుగా ఉంటుందని ఎవరో అనుకున్నారట. గాలేడ్ వేసినా, క్రికెట్యూన్ వేసినా ఫాల్స్ స్వైప్ నార్మలే. చూడాల్సింది మూవ్ (పోకేమాన్ పోరులో వేసే ఎత్తు) టైప్, వేసేవాడి టైప్ కాదు. దీనికి తిరగేసిన భయం కూడా ఒకటుంది. నార్మల్ పోకేమాన్‌ను గిరటినా ముందుకు తేవడమే దండగని పక్కన పెట్టేస్తున్నారు. అది శుద్ధ తప్పు. స్నోర్‌లాక్స్ బాడీ స్లామ్ తగలదు గానీ అదే స్నోర్‌లాక్స్ క్రంచ్ బాగా తగులుతుంది. పైగా ఘోస్ట్ దెబ్బలు నార్మల్ పోకేమాన్‌కు తగలవు. గిరటినా సొంత మూవ్ షాడో ఫోర్స్ ఘోస్ట్ టైప్, శక్తి 120. కాచుకునే మూవ్ ప్రొటెక్ట్‌ను సైతం చీల్చుకుని వచ్చే ఆ దెబ్బ నార్మల్ పోకేమాన్ ముందు సున్నా.

ఇంకొక్కటి చెప్పి వదిలేస్తాను. నార్మల్ టైప్ అయినా దెబ్బ కొట్టని మూవ్‌లు, అంటే యాన్ (ఆవులింతతో నిద్రపుచ్చేది), మీన్ లుక్ (పారిపోనివ్వనిది) లాంటివి, ఘోస్ట్ మీద పనిచేస్తాయి. తగలనిది దెబ్బ మాత్రమే. ఈ తేడా మీదే ఇవాళ్టి పథకమంతా నిలబడింది.

ఫాల్స్ స్వైప్ లేకుండా హెచ్‌పీ తగ్గించాలంటే లెక్క ఖచ్చితంగా తెలిసిన దెబ్బ కావాలి. క్రంచ్, ఐస్ బీమ్ లాంటివి గిరటినాకు రెట్టింపు తగులుతాయి, వాటి మీద క్రిటికల్ (అనుకోకుండా రెట్టింపయ్యే దెబ్బ) పడితే అసలుకే ఎసరు. నా ఓటు నైట్ షేడ్‌కు. ఘోస్ట్ టైప్, గురి 100, కొట్టేవాడి లెవెల్ ఎంతో సరిగ్గా అంత హెచ్‌పీ తీస్తుంది. క్రిటికల్ లేదు, రెట్టింపు లేదు.

ఇప్పుడు గిరటినా హెచ్‌పీ లెక్క కడదాం. డిస్టార్షన్ వరల్డ్‌లో అది 47వ లెవెల్‌లో ఉంటుంది, బేస్ హెచ్‌పీ (ఆ జాతికి స్థిరమైన అంకె) 150. అడవి పోకేమాన్‌కు ఈవీలు (పోరులతో పెరిగే అదనపు బలం) ఉండవు. సూత్రం: బేస్‌ను 2తో గుణించి, ఐవీ (పుట్టుకతో వచ్చే అంకె, 0 నుంచి 31) కలిపి, లెవెల్‌తో గుణించి 100తో భాగించాలి. దశాంశం కొట్టేసి, లెవెల్‌నూ ఇంకో 10నీ కలపాలి. ఐవీ 0 అయితే 300 ఇంటూ 47 బై 100 అంటే 141, దానికి 57 కలిపితే 198. ఐవీ 31 అయితే 331 ఇంటూ 47 బై 100 అంటే 155, మొత్తం 212. మీ గిరటినా హెచ్‌పీ 198 నుంచి 212 లోపు ఎక్కడైనా ఉండొచ్చు. ఎక్కడుందో పోరులో కనిపించదు. అందుకే తక్కువదాన్నే పట్టుకోవాలి. మొత్తం నైట్ షేడ్ దెబ్బ 197 దాటకూడదు.

49వ లెవెల్ పోకేమాన్ నాలుగుసార్లు కొడితే 196. గిరటినాకు 2 నుంచి 16 మిగులుతుంది. ఇంతకంటే మంచి అంకె లేదు. 48 అయితే 192, అదీ సరే. 39వ లెవెల్ అయితే ఐదుసార్లు, 195. 50కి చేరారంటే నాలుగో దెబ్బ ప్రమాదం, 200 అవుతుంది. కొన్ని గిరటినాలు తట్టుకుంటాయి, కొన్ని పడిపోతాయి. అప్పుడు మూడుతో ఆపి 150తో సరిపెట్టుకోవాలి, కనీసం 48 మిగిలిపోతుంది. ఓల్డ్ షాటో అనే పాడుబడ్డ భవనంలో గాస్ట్లీ దొరుకుతుంది, 15వ లెవెల్‌లో నైట్ షేడ్ నేర్చుకుంటుంది. అది ఎదిగి హాంటర్ అయ్యాక 48 లేదా 49 దగ్గర ఆపండి. ఆపడమంటే సైరస్‌తో పోరులో దాన్ని బయటికి తీయకూడదు, ఎక్స్‌పీ షేర్ (పోరాడకపోయినా అనుభవం పంచే వస్తువు) పట్టించకూడదు. 49లో లోపలికి వెళ్ళిన హాంటర్ సైరస్ క్రోబాట్‌ను పడగొట్టి 50 అయి కూర్చుంటే లెక్కంతా మొదటికొస్తుంది, అక్కడ పోకేమాన్‌ను మార్చుకునే పీసీ కూడా ఉండదు.

హాంటర్‌తో తంటా ఏమిటంటే అది కూడా ఘోస్టే. షాడో ఫోర్స్ దానికి రెట్టింపు తగులుతుంది, ఒక్క దెబ్బకు పోతుంది. అందుకని గిరటినా మేలుకుని ఉండగా దాన్ని తేవద్దు. నిద్రపుచ్చే పని ఇంకొకరిది.

ఆ పనికి చాలామంది నాక్టౌల్ అంటారు. నార్మల్, ఫ్లయింగ్ కాబట్టి షాడో ఫోర్స్ తగలదు, హిప్నాసిస్ ఉంది. బాగానే ఉంటుంది, కానీ ప్లాటినమ్‌లో హిప్నాసిస్ గురి 60 మాత్రమే. డైమండ్, పెర్ల్‌లో 70 ఉండేది, తగ్గించేశారు. నాకు బిబారెల్ నయం. నవ్వకండి. నార్మల్, వాటర్. షాడో ఫోర్స్ సున్నా. 28వ లెవెల్‌లో యాన్ నేర్చుకుంటుంది, అది గురి తప్పదు, తర్వాతి టర్న్ చివర నిద్ర ఖాయం. డిస్టార్షన్ వరల్డ్‌లో సర్ఫ్‌కూ (నీళ్ళు దాటడం) స్ట్రెంత్‌కూ (రాళ్ళు తోయడం) ఎలాగూ ఎవరో ఒకరిని మోసుకెళ్ళాలి, ఆ రెండూ బిబారెలే చేస్తుంది. ఒకే చోటుతో మూడు పనులు. దాని సూపర్ ఫ్యాంగ్ మాత్రం నొక్కొద్దు, ఎందుకో పైన చదివారు.

క్రమం ఇలా ఉంటుంది. బిబారెల్‌తో మొదలుపెట్టి యాన్ వేయండి. గిరటినా మాయమైందా? అది షాడో ఫోర్స్ మొదటి సగం. మాయమైన టర్న్‌లో ఏ మూవ్ వేసినా తప్పిపోతుంది, యాన్ కూడా. బాల్ కూడా వేయొద్దు. ఆ టర్న్‌ను హైపర్ పోషన్‌కు వాడుకోండి. బిబారెల్ బయట లేకపోతే దాన్ని తెచ్చిపెట్టండి. మార్పిడి ముందు జరుగుతుంది, దెబ్బ తర్వాత పడుతుంది, పడినా బిబారెల్‌కు తగలదు. షాడో ఫోర్స్ పీపీ (ఎన్నిసార్లు వేయొచ్చో ఆ అంకె) 5 మాత్రమే, అలా వృథా చేయించినా మీకు లాభమే. డ్రాగన్ దెబ్బలు, ఇతర దెబ్బలు మాత్రం బిబారెల్‌కు మామూలుగానే తగులుతాయి, కాబట్టి హెచ్‌పీ సగం కిందికి రానివ్వకండి.

గిరటినా నిద్రలోకి జారాక హాంటర్‌ను దించి నైట్ షేడ్ మొదలుపెట్టండి. ఎన్ని కొట్టారో కాగితం మీద గీత పెట్టుకోండి. "మూడా, నాలుగా" అని మధ్యలో సందేహం వస్తే నాలుగయ్యాయనే లెక్కేసుకుని ఆపేయండి. మేలుకుందా, వెంటనే బిబారెల్.

హాంటర్ వద్దు, ఫాల్స్ స్వైపే కావాలని పట్టుబట్టేవాళ్ళకు దారి ఉంది. నాక్టౌల్‌తో ఫోర్‌సైట్ వేయించండి. దాంతో ఘోస్ట్‌కు నార్మల్, ఫైటింగ్ దెబ్బలు తగలడం మొదలవుతుంది. నాక్టౌల్‌ను వెనక్కి పిలిచినా ఆ ప్రభావం గిరటినా మీదే ఉంటుంది. ఆపైన ఫాల్స్ స్వైప్ మామూలుగా తగులుతుంది. కానీ దీనికోసం ఒక పోకేమాన్, ఒక టర్న్, రెండు మూవ్‌లు ఖర్చు. నేనైతే పెట్టను.

హెచ్‌పీ పది దగ్గరికి వచ్చాక కొత్త గండాలు మొదలవుతాయి. విషం, మంట వద్దు, టర్న్ టర్న్‌కూ కొరుకుతాయి. అబొమాస్నోను జట్టులో ఉంచినా బయటికి తీయకండి. దాని స్నో వార్నింగ్‌తో పడే వడగళ్ళు ఈ తరం గేముల్లో పోరు ముగిసేదాకా ఆగవు, టర్న్‌కు మొత్తం హెచ్‌పీలో పదహారో వంతు తీస్తాయి. 198లో పదహారో వంతు 12. మీరు కష్టపడి మిగిల్చిన 2 నుంచి 16లో 12 పోతే చాలాసార్లు ఏమీ మిగలదు. హిప్పౌడన్ తెచ్చే ఇసుక తుపానూ అంతే.

బాల్ సంగతి. గిరటినా క్యాచ్ రేట్ (ఎంత సులువుగా దొరుకుతుందో చెప్పే అంకె) 3, అంతకంటే కనిష్ఠం లేదు. నిద్రకు రెట్టింపు వస్తుంది, పక్షవాతానికి ఒకటిన్నర. హెచ్‌పీ పది లోపు ఉండి నిద్రలో ఉంటే అల్ట్రా బాల్‌కు సుమారు 4 శాతం, డస్క్ బాల్‌కు సుమారు 7 శాతం. నిండు హెచ్‌పీతో మేలుకుని ఉన్నప్పుడు అల్ట్రా బాల్‌కు 1 శాతం కూడా లేదు. అక్కడ ముప్పై బాల్స్ విసిరి తల ప్రాణం తోకకొచ్చిందని వాపోవడంలో అర్థం లేదు. డస్క్ బాల్ గుహలో గానీ రాత్రి గానీ మూడున్నర రెట్లు పనిచేస్తుంది. నా అలవాటు డీఎస్ గడియారం రాత్రి 8 దాటాక పోరు మొదలుపెట్టడం. తెల్లవారుజామున 4 లోపు ముగించాలి, అంతే షరతు. 30 టర్న్‌లు దాటాక టైమర్ బాల్ నాలుగు రెట్లు, అప్పుడు దానికి మారండి.

7 శాతమంటే పది బాల్స్‌కు సగం మందికి దొరుకుతుంది. పదిమందిలో తొమ్మిదిమందికి దొరకాలంటే 32 దాకా కావాలి. డస్క్ బాల్ 1000, ముప్పై కొంటే 30,000. అన్నీ డస్కే కొనకుండా డస్క్ 20, టైమర్ 10 పెట్టుకోండి, ధర ఒకటే గానీ పోరు సాగేకొద్దీ టైమర్ పనికొస్తుంది. సైరస్ ఇచ్చిన మాస్టర్ బాల్ (ఎప్పుడూ తప్పనిది) ఉంది కదా అంటారా? దాన్ని ముట్టుకోవద్దు. గిరటినా పారిపోదు. క్రెసెలియా, మెస్‌ప్రిట్ పారిపోతాయి. కదలకుండా నిలబడేదాని మీద మాస్టర్ బాల్ వేయడం నా దృష్టిలో దుబారా.

దొరికాక ఇంకో ప్రశ్న వస్తుంది: లోపల పాములా, కాళ్ళు లేకుండా ఉన్నది బయటికి రాగానే ఆరు కాళ్ళతో ఎలా మారింది అని. ఏమీ పాడవలేదు. డిస్టార్షన్ వరల్డ్‌లో అది ఆరిజిన్ రూపం, దాడి 120, రక్షణ 100, సామర్థ్యం లెవిటేట్. బయట ఆల్టర్డ్ రూపం, దాడి 100, రక్షణ 120, సామర్థ్యం ప్రెషర్. గ్రిసియస్ ఆర్బ్ పట్టిస్తే బయట కూడా ఆరిజిన్ అవుతుంది. ఆ ఆర్బ్ కోసం టర్న్‌బ్యాక్ కేవ్ గుండా వెళ్ళాలి, వచ్చే పాఠం అక్కడే. క్రంచ్‌తో పడగొట్టేసి సేవ్ కూడా చేసేసుకున్నవాళ్ళకు కూడా గిరటినా దొరికేది ఆ గుహలోనే.

అభ్యాసం. డైమండ్, పెర్ల్ ఆడేవాళ్ళకు గిరటినా టర్న్‌బ్యాక్ కేవ్‌లో 70వ లెవెల్‌లో, ఆల్టర్డ్ రూపంలో ఎదురవుతుంది. దాని హెచ్‌పీ ఎంత నుంచి ఎంత దాకా ఉంటుందో పై సూత్రంతో కట్టండి. నైట్ షేడ్ మొత్తం ఎంత దాటకూడదో తేల్చండి. తర్వాత అసలు ముడి: ప్రెషర్ వల్ల మీ ప్రతి మూవ్‌కూ రెండేసి పీపీ ఖర్చవుతుంది, నైట్ షేడ్ పీపీ 15, యాన్ పీపీ 10. హాంటర్ ఏ లెవెల్‌లో ఉంటే, ఎన్ని దెబ్బలతో, పీపీ అయిపోకుండా, ఒక దెబ్బ మాయమైన టర్న్‌లో వృథా అయినా సరిపోయేలా లెక్క కుదురుతుందో కనీసం రెండు జవాబులు రాసి ఉంచుకోండి. పీపీ నింపే ఈథర్ వాడకూడదు.