వానలకు ముందే గోడ సందులు చూడండి

కుక్కను పెంచుకునేవాళ్లకు సెప్టెంబరులోనే ఒక పని ఉంది. అక్టోబరులో ఈశాన్య వానలు మొదలైతే తిరుపతి, చిత్తూరు వైపు డిసెంబరు దాకా ఇల్లంతా చెమ్మే. ఆ లోపల టార్చిలైటు పట్టుకుని కుక్క పడుకునే చోట గోడ సందుల్లో, గడప పక్కన, మెట్ల కింద వెతకండి. గోమార్లు, కొందరు పిడుదులంటారు, అక్కడే దాక్కుంటాయి.

రక్తం తాగి ఉబ్బిన ఆడ గోమారి కుక్క మీది నుంచి రాలి, గోడెక్కి, పగుళ్లలో 4,000 దాకా గుడ్లు పెట్టగలదు. ఒంటి మీద కనిపించేవి కొన్నే, ఎక్కువ భాగం ఇంట్లోనే ఉంటాయి. కుక్కకు ఒక్కసారి మందు వేసి ఊరుకుంటే మళ్లీ పట్టేది అందుకే. పగుళ్లు సిమెంటుతో పూడ్చండి. పడక గుడ్డలు మరిగే నీళ్లలో ఉతికి ఎండలో వేయండి. పిచికారీ మందు డాక్టరు చెప్పిందే వాడి, నేల ఆరేదాకా కుక్కను దూరంగా ఉంచండి. గుడ్లు పొదిగి పిల్లలొస్తాయి కాబట్టి ఎన్నాళ్లకు మళ్లీ కొట్టాలో అప్పుడే అడగండి.

మా కుక్క రాజు రెండు రోజులు అన్నం ముట్టలేదు. ఎండ దెబ్బేమో అనుకున్నాం. మూడో రోజు ముక్కులోంచి రక్తం కారింది. గోమార్ల వల్ల వచ్చే ఎర్లీకియా జబ్బని రక్తపరీక్షలో తేలేసరికి ఆలస్యమైంది, దక్కలేదు. జ్వరం, తిండి మానడం, చిగుళ్లు తెల్లబడటం, మూత్రం కాఫీరంగులో రావడం, వీటిలో ఏది కనిపించినా ఆ రోజే చూపించండి. తిరుపతిలో పశువైద్య కళాశాల ఆసుపత్రి ఉంది.

గోమారిని వేళ్లతో నలపొద్దు. పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని నిదానంగా లాగి సబ్బునీళ్లలో వేయండి. కిరోసిన్ పూయడం, ఆవులకు వాడే మందునే కుక్కకూ పోయడం పల్లెల్లో నేను చూశాను. దయచేసి వద్దు. మందు ఏదైనా కుక్క బరువు తూచి ఇవ్వాల్సిందే. ఫిట్స్ వచ్చే కుక్క అయితే మాత్రలు రాసేముందే డాక్టరుకు చెప్పండి. ఇంట్లో పిల్లి కూడా ఉంటే ఇంకా జాగ్రత్త: కుక్కలకు రాసే పర్మెత్రిన్ మందు పిల్లికి ప్రాణాంతకం.

నులిపురుగుల మందు కుక్కపిల్లలకు రెండో వారం నుంచే మొదలుపెట్టాలి, తల్లి గర్భంలోనే, పాల ద్వారా కూడా అవి సంక్రమిస్తాయి. పెద్ద కుక్కకు మూడు నెలలకోసారి. కుక్క పేగుల్లో ఉండే కొంకిపురుగు (హుక్‌వార్మ్) పిల్లలు తడిమట్టిలోంచి మనుషుల పాదాల్లోకీ దూరతాయి కాబట్టి కుక్క మలం ఏ రోజుకారోజు ఎత్తేయండి, వానాకాలం అయ్యేదాకా పెరట్లోకి పిల్లల్ని చెప్పుల్లేకుండా పంపకండి.