బండి స్టిక్కర్ అంచు లేస్తోందా? సూపర్ గ్లూ జోలికి వెళ్లకండి

ట్యాంక్ మీద స్టిక్కర్ మూల కాస్త లేవగానే చాలామంది సూపర్ గ్లూ చుక్క వేసేస్తారు. నేనూ అదే చేశాను. ఆరాక చుట్టూ ముగ్గు చల్లినట్టు తెల్లటి పొగ మరక మిగిలింది. ఆ గ్లూ ఆవిరై పక్కనే పేరుకుంటుంది, పైగా గట్టిపడి పెళుసవుతుంది. తెల్ల ఫెవికాల్ పారదర్శకంగానే ఆరుతుంది కానీ వానకు మెత్తబడుతుంది. చెప్పులు అతికించే పసుపు గమ్ అయితే అంచు వెంట గీతలా కనబడుతుంది.

మొబైల్ రిపేర్ షాపుల్లో డిస్‌ప్లేలు అతికించే బీ-7000 అనే గమ్ అడగండి. నీళ్లలా పారదర్శకంగా ఉంటుంది, ఆరినా రబ్బరులా వంగుతుంది, ట్యూబుకు సూదిలాంటి మూతి ఉంటుంది. టీ-7000 ఇస్తే వద్దనండి, అది నలుపు.

అసలు పని శుభ్రం చేయడంలోనే ఉంది. లేచిన అంచు కింద పాత జిగురుకు దుమ్ము పట్టి నల్లగా ఉంటుంది. హెయిర్ డ్రయర్‌తో కొద్దిగా వేడి చేసి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ (శుభ్రం చేయడానికి వాడే స్పిరిట్) అద్దిన ఇయర్‌బడ్‌తో తుడవండి. పూర్తిగా ఆరనివ్వండి. గమ్‌ని ముందు కనబడని చోట చుక్క వేసి పరీక్షించండి, కొన్ని స్టిక్కర్ల రంగు కరుగుతుంది. తర్వాత టూత్‌పిక్‌తో పలచగా రాసి, లోపలి నుంచి అంచు వైపు వేలితో నొక్కుతూ రండి. బయటికొచ్చిన గమ్‌ని వెంటనే తుడిచేసి, పైన మాస్కింగ్ టేప్ వేసి రెండు రోజులు నీడలో ఉంచండి. ఆ రెండు రోజులూ వాటర్ వాష్ వద్దు.

స్టిక్కరే ఎండకు పెళుసై విరుగుతుంటే మాత్రం ఏ గమ్మూ పనిచేయదు, కొత్తది వేయించుకోవాల్సిందే.