కళ్లు మూసుకున్న ఫోటో డిలీట్ చేయకండి

పెళ్లి ఫోటోలు కెమెరా కార్డులోంచి దించగానే నేను చేసే మొదటి పని, కళ్లు మూసుకున్నవన్నీ తీసేయడం. పద్దెనిమిదేళ్ల అలవాటు. హనుమకొండలో మా ఇంటి వెనక జామచెట్టుకు వరి కుచ్చు కట్టి, కింద మట్టి చిప్పలో నీళ్లు పెట్టి, వంటింటి కిటికీలోంచి పిట్టల ఫోటోలు తీయడం మొదలుపెట్టాక కూడా అదే చేశాను. పోయిన మాఘంలో ఒక ఊరపిచ్చుకవి వరుసగా ఐదు ఫోటోలు డిలీట్ చేశాక చెయ్యి ఆగింది. ఐదింటిలోనూ మూసుకుంది ఎడమ కన్నే. ఆరోదాన్ని పెద్దది చేసి చూశాను. రెప్ప ఉబ్బింది, చుట్టూ ఈకలు తడిసి ముళ్లలా అతుక్కున్నాయి, మూలన ఎండిన పుసి. అంతకుముందు మూడు రోజుల ఫోటోలు తిరగేస్తే వాటిలోనూ ఆ వాపు ఉంది. ఎన్ని ఫోటోలు చూడకుండానే తీసేశానో అని ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

అందుకే మొదటి మాట: అనుమానం వస్తే ఒక్క ఫోటోతో తేల్చకండి. పిట్టలకు మూడో రెప్ప ఉంటుంది. పలచని పొర, ముక్కు వైపు మూల నుంచి కంటి మీదికి జారి క్షణంలో వెనక్కి పోతుంది. సరిగ్గా అప్పుడే షట్టర్ పడితే కన్ను పాలు పోసినట్టు తెల్లగా వస్తుంది. అది జబ్బు కాదు. బర్స్ట్ మోడ్‌లో, అంటే మీట నొక్కి పట్టి వరుసగా, సెకనులో వెయ్యో వంతు షట్టర్ వేగంతో పది పదిహేను తీయండి. అన్నిటిలోనూ కన్ను అలాగే ఉంటే అప్పుడు ఆలోచించాలి. పిట్ట తల తిప్పేదాకా ఆగి రెండో కన్నూ తీయండి, పోల్చడానికి అంతకన్నా మంచి దారి లేదు. ఫ్లాష్ వద్దు, దగ్గరికి పోవద్దు. గోరింక కంటి చుట్టూ పసుపు చర్మం, కోయిల ఎర్ర కన్ను సహజంగా ఉండేవే, వాటిని చూసి టెన్షన్ పడకండి.

కెమెరా దించి కాసేపు ఊరికే చూడండి. తలుపు చప్పుడుకు మిగతావి లేచిపోయినా జబ్బు పిట్ట కదలదు. కంటిని కొమ్మకు రుద్దుకుంటుంది. ఈకలు ఉబ్బించి చిప్ప అంచునే కూర్చుంటుంది.

ఏ జబ్బో ఫోటో చూసి చెప్పలేం. రెప్ప మీద, ముక్కు మొదట్లో, కాళ్ల మీద పులిపిరి లాంటి గడ్డలుంటే పిట్టల మశూచి కావచ్చు. అది వైరస్, దోమలు కూడా మోస్తాయి. నీరు కారుతూ వాచిన కన్నుకు కారణాలు చాలా. 1994లో అమెరికా రాజధాని వాషింగ్టన్ చుట్టుపక్కల హౌస్ ఫించ్ అనే పిట్టల కళ్లు ఇలాగే వాచాయి. కారణం మైకోప్లాస్మా గల్లిసెప్టికమ్, కోళ్లకు రొంప, గురక తెచ్చే బాక్టీరియా. గింజలు పెట్టే చోట పిట్టలు గుమిగూడితే అది ఒకదాన్నుంచి ఒకదానికి సులువుగా పాకుతుంది. మా పిచ్చుకకు అదే వచ్చిందని నేను అనడం లేదు. కానీ వాకిట్లో నాటుకోళ్లుంటే వాటి నీళ్లు వేరు, పిట్టల నీళ్లు వేరు పెట్టండి.

"పట్టుకొని పసుపు నీళ్లతోని తుడువు బిడ్డా" అంది మా అత్తమ్మ. ఆమె ప్రేమ నాకు తెలుసు, అయినా పట్టలేదు. తరిమితే ఆ భయానికే పిట్ట చచ్చిపోవచ్చు. మన కంటి చుక్కలు, యాంటీబయాటిక్ అసలే వద్దు. అడవి పిట్టల్ని పట్టి ఉంచుకోవడానికి 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఒప్పుకోదు కూడా. ఎగరలేక నేల మీద పడి ఉంటే మాత్రం చేతికి గ్లవుజులేసుకుని, గుడ్డ కప్పి, గాలి రంధ్రాలున్న అట్టపెట్టెలో పెట్టి అటవీ శాఖ వాళ్లకు గానీ పశువుల దవాఖానకు గానీ చేర్చండి. నోట్లో నీళ్లు పోయకండి. రెండు మూడు పిట్టలు ఒకేసారి చచ్చి కనిపిస్తే ముట్టుకోకుండా పశువైద్యులకు చెప్పండి.

మన చేతిలో ఉన్నది చిప్ప. కుచ్చు విప్పేయండి, కింద రాలిన గింజలు, రెట్టలు ఊడ్చి చెత్తలో వేయండి. చిప్పను సబ్బు, కొబ్బరి పీచుతో తోమి, ఒక వంతు లిక్విడ్ బ్లీచ్‌కు తొమ్మిది వంతుల నీళ్లు కలిపి పది నిమిషాలు నానబెట్టి, వాసన పోయేదాకా కడిగి ఎండలో ఆరబెట్టండి. మట్టి చిప్ప అన్నీ పీల్చుకుంటుంది, పగుళ్లుంటే పారేసి స్టీలు గిన్నె పెట్టడం మేలు. రెండు వారాలు ఏమీ పెట్టకండి, పిట్టలు చెదిరిపోవాలి. మే నెలలో నీళ్లు పూర్తిగా ఆపడానికి మాత్రం నాకు మనసొప్పదు. రెండు గిన్నెలు పెట్టుకుని, పొద్దున ఒకటి, మధ్యాహ్నం కడిగి ఆరబెట్టింది ఇంకొకటి మారుస్తాను.

రెండు వారాల తర్వాత కుచ్చు మళ్లీ కట్టాను. ఎడమ కన్ను వాచిన పిచ్చుక రాలేదు. బాగై వేరే గుంపులో కలిసిందో, చనిపోయిందో తెలియదు. మీరు మళ్లీ గింజలు పెట్టాక మొదటి వారం వచ్చిన ప్రతి పిట్టనూ రెండు వైపులా తీసి, తేదీ పేరుతో ఫోల్డర్‌లో పెట్టుకోండి. అందులోంచి ఏదీ తీసేయకండి.