రెండు సూర్యుల గ్రహం ఉన్న చుక్కను మిద్దె మీది నుంచి పట్టుకోవడం ఎలా

అనంతపురం జిల్లాలో రోహిణి కార్తె వచ్చిందంటే ఇంట్లో నిద్ర పట్టదు, మిద్దె కూడా రాత్రి పది దాకా పెనంలా కాలుతూనే ఉంటుంది, నీళ్లు చల్లి, పరుపులు పరుచుకుని ఎప్పుడు చల్లబడుతుందా అని చూస్తుంటాం కదా, సరిగ్గా ఆ టైముకే దక్షిణాన ఒక చిన్న చుక్క బాగా పైకొచ్చి ఉంటుంది. పేరు బి సెంటారి. కంటికి ఒకటే చుక్క, నిజానికి రెండు నక్షత్రాలు. ఆ రెండింటి చుట్టూ, చాలా దూరంలో, గురుగ్రహానికి దాదాపు 11 రెట్లు బరువున్న గ్యాస్ గ్రహం తిరుగుతోంది.

గ్రహం మనకు కనపడదు, అది ముందే చెప్పేస్తున్నా. కానీ నక్షత్రానికి టెలిస్కోపు అక్కర్లేదు, మామూలు కన్ను చాలు. వేరే సూర్యుల గ్రహాలని పేపర్లో చదివేవాటిలో చాలావాటి నక్షత్రాలు ఎంత వెతికినా కంటికి ఆనవు, అందుకే దీన్ని వదులుకోవద్దంటాను.

మొదట పేరు దగ్గర జాగ్రత్త. ఇది ఇంగ్లీషు చిన్న 'బి', గ్రీకు అక్షరం 'బీటా' కాదు. బీటా సెంటారి వేరే నక్షత్రం, బాగా మెరుస్తుంది. నేను మొదటిసారి రెండు రాత్రులు ఆ బీటానే చూపించి ఇంటిల్లిపాదికీ కథంతా చెప్పేశాను, తర్వాత తెలిసి చాలా బాధేసింది. ఫోనులో ఆకాశపటం చూపించే స్టెల్లేరియం లాంటి యాప్‌లో వెతికేటప్పుడు పేరు కొట్టకుండా, నక్షత్రాల జాబితాలో దాని నంబరు హెచ్‌ఐపి 71865 (HIP 71865) అని కొట్టండి, తికమక ఉండదు.

టైము: మే 25 ప్రాంతంలో రాత్రి పదకొండు కంటే పావుగంట ముందు, జూన్ 7కి వచ్చేసరికి పది గంటలకు అది సరిగ్గా దక్షిణ దిక్కున ఉంటుంది. రోజుకు నాలుగు నిమిషాలు ముందుకు జరుగుతుందని గుర్తుపెట్టుకుంటే ఏ రోజుకైనా లెక్క వేసుకోవచ్చు. వెన్నెల లేని రాత్రి చూసుకోండి, అమావాస్యకు అటూ ఇటూ వారం. ఊరి లైట్లకు దూరంగా, దక్షిణాన కొండ గానీ మేడ గానీ అడ్డులేని చోటు కావాలి. ఉరవకొండ వైపు వాళ్లకు గాలిమరల మీద ఎర్ర లైట్లు కళ్లలో పడతాయి, వాటికి వాటర్ ట్యాంకునో పిట్టగోడనో అడ్డం పెట్టుకుని నిలబడండి. ఫోను జేబులో పెట్టేసి అరగంట చీకట్లో ఉండాలి. ఈ అరగంట ఓపిక పట్టకనే చాలామంది ఏమీ కనపడలేదని దిగిపోతారు.

ఇప్పుడు దక్షిణం వైపు తిరగండి. నేలకు పిడికిలిన్నర ఎత్తులో (చెయ్యి బారుగా చాపి పిడికిలి బిగిస్తే దాని వెడల్పు సుమారు పది డిగ్రీలు) రెండు పెద్ద చుక్కలు పక్కపక్కన ఉంటాయి. కుడివైపుది బీటా. ఎడమవైపు ఇంకా బాగా వెలిగేది ఆల్ఫా సెంటారి. మన సూర్యుడి తర్వాత మనకు అతి దగ్గరి నక్షత్రాల కుటుంబం అదే. ఢిల్లీలో అది నేలకు ఆనుకుని ఉంటుంది, లండన్‌లో అసలు కనపడదు, మనకు హాయిగా కనిపిస్తుంది.

ఆల్ఫా నుంచి నిట్టనిలువుగా పైకి వెళ్లండి. పిడికిలి దాటి ఇంకొంచెం పైన ఒక మోస్తరు చుక్క. అక్కడి నుంచి అర పిడికిలి పైన, కాస్త కుడికి, అదే వెలుగుతో ఇంకో చుక్క. మళ్లీ అర పిడికిలి పైన, కాస్త ఎడమకు, బాగా మసకగా ఉన్నది, అదే బి సెంటారి. దానికి కొంచెం పైన అంతే మసకగా ఇంకొకటి ఉంటుంది. ఆ జంట కనపడితే దారి తప్పలేదన్నమాట, మనది కింది చుక్క.

మా అక్క కూతురికి చూపిస్తే, "మరి గ్రహం యాడుంది మామా?" అని అడిగింది. మిద్దె మీదే చేసి చూపించాను, మీరూ చేయండి. రెండు చెనిక్కాయ గింజలు ఆనించి పెట్టండి, అవి ఆ జంట నక్షత్రాలు. సూర్యుడికీ భూమికీ ఉన్న దూరం ఒక సెంటీమీటరు అనుకోండి. మన గురుడు 5 సెంటీమీటర్ల దగ్గర ఉంటాడు, నెప్ట్యూన్ బడిపిల్లల స్కేలు చివర, 30 దగ్గర. ఆ గ్రహం మాత్రం ఐదున్నర మీటర్ల అవతల, అంటే పిట్టగోడ దగ్గర ఉంటుంది. మూడో గింజను పాప అక్కడిదాకా నడిచి వెళ్లి పెట్టి, అక్కడి నుంచి వెనక్కి తిరిగి ఆ రెండు గింజల వైపు చాలాసేపు చూసింది. అంత దూరం నుంచి ఒక్క చుట్టు తిరగడానికి వేల ఏళ్లు పడుతుంది.

దీన్ని ఫోటో ఎలా తీశారో కూడా ఇంటి దగ్గరే చూడొచ్చు. ఉసుళ్ళు లేచిన రోజు వీధి లైటును నేరుగా చూస్తే కళ్లు జిగేల్‌మంటాయి తప్ప ఏమీ తెలీదు, బొటనవేలు అడ్డం పెట్టి బల్బును కప్పేయండి, చుట్టూ ఎగిరేవన్నీ కనిపిస్తాయి. చిలీలోని వెరీ లార్జ్ టెలిస్కోపులో కూడా నక్షత్రం వెలుగును ఇలాగే అడ్డుకుని 2019లో ఒకసారి, 2021లో ఒకసారి తీశారు. పక్కనున్న చుక్క నక్షత్రంతో పాటే కదిలింది కాబట్టి వెనకెక్కడో ఉన్న వేరే నక్షత్రం కాదని తేలింది. స్టాక్‌హోం యూనివర్సిటీకి చెందిన మార్కస్ యాన్సన్ బృందం 2021 డిసెంబరులో ప్రకటించింది. తర్వాత చూస్తే 20 ఏళ్ల కిందటి ఫోటోలో కూడా అది ఉంది, అప్పుడు గ్రహమని ఎవరూ గుర్తించలేదు! ఆ జంట మొత్తం బరువు కనీసం ఆరు సూర్యులంత. అంతకుముందు మూడు సూర్యుల కంటే బరువైన నక్షత్రాల దగ్గర ఒక్క గ్రహం కూడా దొరకలేదు, అంత బరువైన, వేడి నక్షత్రాల దగ్గర గ్రహాలు పుట్టడం కష్టమనే అనుకునేవారు.

దూరం సుమారు 325 కాంతి సంవత్సరాలు. మీ కంట్లో పడే ఆ వెలుగు అక్కడ బయల్దేరినప్పుడు ఇక్కడ ఔరంగజేబు ఇంకా బతికే ఉన్నాడు.

మబ్బులు పట్టి ఈసారి కుదరకపోతే ఫిబ్రవరి చివర్లో తెల్లవారుజామున నాలుగున్నరకు లేవండి. అదే చోట, అదే ఎత్తులో ఉంటుంది. మిద్దె చల్లగా ఉంటుంది, దుప్పటి తీసుకెళ్లండి.